రేవు కన్నా ముందు రావాల్సింది

సాయంత్రం ఏడు దాటితే టెక్కలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్లలో ఫోన్లకు పని పెరుగుతుంది. ట్యూషన్‌కు వెళ్లిన పిల్లకు, జీడి ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన కోడలికి, రాత్రి డ్యూటీకి బయల్దేరిన కొడుక్కు ఇంట్లోవాళ్లు చేసే ఫోన్లవి. 'ఎక్కడున్నావే గుంటా, ఇంకా ఆటో దొరకలేదేటి?' అన్న మాటలో ఒకప్పుడు విసుగు వినిపించేది. ఇప్పుడు గుండె దడ వినిపిస్తోంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానానికి భయపడటం కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకి, తరాల నాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కిడ్నీ జబ్బు ఏ ఇంటి తలుపు ఎప్పుడు తడుతుందోనన్న బెంగ దశాబ్దాలుగా ఉంది. అయితే తుపాను వస్తే పక్కింటివాడు తాడు పట్టుకొని వచ్చేవాడు, డయాలసిస్‌కు వెళ్లాలంటే ఊళ్లోవాళ్లు బండి కట్టేవారు. ఆ భయాల్లో మనిషికి మనిషే ధైర్యం. ఇప్పుడు పట్టుకున్న భయం ఎదురుగా వచ్చే మనిషిని చూసే. బండి తగిలిందని గొడవ, గట్టు జరిగిందని గొడవ, చీటీ డబ్బు ఇవ్వలేదని గొడవ. మాటతో తేలిపోవాల్సిన తగువు ఎక్కడ కత్తి దాకా వెళుతుందోనని నోరు మూసుకొని ఇంటికి వెళ్లిపోయేవారే ఎక్కువ.

ఈ నేల నెత్తురు చూడలేదని ఎవరూ అనరు. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తూటాలకు బలైనప్పుడు మొదలైన సాయుధ పోరాటపు మంట మైదానానికి దిగి, పలాసకు దగ్గర్లోని బొడ్డపాడు దాకా వచ్చింది. ఆ ఊరి బడి పిల్లలకు కూడా స్మారక స్థూపం మీది పేర్లు తెలుసు. 2010 జులై 14న సోంపేట బీల (చిత్తడి నేల)లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనంపై పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి థర్మల్ కేంద్రానికి ఎదురు నిలిచిన వడ్డితాండ్ర పరిసర గ్రామాల మీద తుపాకులు మళ్లీ పేలాయి. అక్కడా ప్రాణాలు పోయాయి. ఇప్పుడు రేవు కడుతున్న మూలపేట కాకరాపల్లి తంపర నేలలకు పొరుగునే.

ఆ హింసకు ఒక ముఖం ఉండేది. ఎవరు ఎవరి మీద, దేనికోసం అన్నది ఊరందరికీ తెలిసేది. చెరువు పోతుందనో, భూమి పోతుందనో జనం ఒకచోట చేరేవారు. చనిపోయినవారిని ఊరు మొత్తం మోసేది. పట్నంలో రౌడీయిజానికీ లెక్క ఉండేది. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' సినిమా జీడి షావుకార్ల పంచన పెరిగిన రౌడీయిజాన్ని, దాని కింద నలిగిన కులాన్ని తెలుగు ప్రేక్షకుల ముందు పెట్టింది. ఆ కథలో కొట్టేవాడూ, కొట్టించేవాడూ, కొట్టించుకునేవాడూ ఒకరికొకరు ఎరుకే.

ఇవాళ అలా లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చూడండి. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. అందులో అన్నిటికన్నా ఎక్కువగా, 9,962 కేసుల్లో కారణం 'తగాదా'. పాత కక్షలు 3,761. డబ్బు, ఆస్తి కాజేయడం కోసం చేసినవి 1,884. అంటే దోపిడీ దొంగ చేతిలో పోయే ప్రాణం కన్నా, ఎరిగున్న మనిషితో మాటామాటా పెరిగి పోయే ప్రాణాలు ఐదు రెట్లకు పైగా ఉన్నాయి. ఇందులో ముఠాలు లేవు, సిద్ధాంతాలు లేవు. గట్టు, బాకీ, మందు, అనుమానం, పరువు ఉన్నాయి.

అదే లెక్కలో మరో సంగతి ఉంది. 2021లో హత్య కేసులు 29,272. మరుసటి ఏడాదికి కొంత తగ్గాయి. కాబట్టి 'నేరాలు పెరగలేదు, మీ భయమే పెరిగింది' అని అధికారులు అనవచ్చు, అంటున్నారు కూడా. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ భయం లెక్కల పుస్తకం చదివి పుట్టదు.

2024 జులైలో పల్నాడు జిల్లా వినుకొండలో, నడిరోడ్డు మీద జనం చూస్తుండగా, ఒక యువకుణ్ని కత్తితో నరికి చంపారు. ఆ వీడియో గంటల్లో రాష్ట్రమంతా తిరిగింది. వినుకొండకూ పలాసకూ మధ్య ఐదువందల కిలోమీటర్లకు పైమాటే. అయినా పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో సాయంత్రం టీ తాగుతున్నవాడి చేతిలోకి అది వచ్చి పడింది. పూర్వం హత్య వార్త పేపర్లో నాలుగు లైన్లు. ఇప్పుడు వేటు వేటూ కనిపిస్తుంది, చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లూ కనిపిస్తారు. చూసినవాడికి కత్తి పట్టినవాడి కన్నా, అడ్డుపడని ఆ గుంపే ఎక్కువ గుర్తుంటుంది. 'రేపు నాకైనా ఇంతే కదా' అనిపిస్తుంది. ఆ అనుమానమే రాత్రి తొమ్మిదికి మూసే కిరాణా కొట్టును ఎనిమిదింటికే మూయిస్తుంది.

ఉద్దానం పిల్లలు చదువుకో, కొలువుకో వెళ్లే మొదటి మహానగరం విశాఖ. అక్కడి వార్తలు ఇక్కడ ఊరి వార్తలే. 2023 జూన్‌లో అప్పటి విశాఖ ఎంపీ భార్యను, కుమారుణ్ని, వారి ఆడిటర్‌ను వాళ్లింట్లోనే నిర్బంధించి, ఎత్తుకుపోయారు. పోలీసులు వెంటబడి విడిపించారు గానీ, ఎంపీ ఇంటికే దిక్కు లేకపోతే అద్దె గదిలో ఉన్న పిల్లల సంగతేమిటని టెక్కలిలో తల్లిదండ్రులు అనుకున్నారు. ఏడాది తిరక్కుండా, 2024 ఫిబ్రవరి 2 రాత్రి, విశాఖ కొమ్మాదిలో తహసీల్దార్ సనపల రమణయ్యను సొంత అపార్ట్‌మెంట్ ఆవరణలోనే ఇనుప రాడ్డుతో కొట్టి చంపారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా నందిగాం మండలం. విజయనగరం జిల్లా బొండపల్లికి బదిలీ అయి, కొత్త సీట్లో అప్పుడే కూర్చున్నారు. భూమి పత్రాల వ్యవహారమే కారణమని పోలీసులు చెప్పారు. నిందితుణ్ని చెన్నైలో పట్టుకున్నారు.

ఆ అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరా ఉంది. దాడి దానిలో రికార్డయింది. నిందితుణ్ని గుర్తించడానికి ఆ దృశ్యం పనికొచ్చింది. కానీ రాడ్డును ఆపడం కెమెరా వల్ల కాలేదు. ఊరూరా కెమెరాలు పెడితే చాలు, భద్రత వచ్చేస్తుందని సభల్లో చెప్పే నాయకులు ఈ తేడాను గమనించాలి. నేరం జరిగాక దారి చూపే సాధనం వేరు, జరగకుండా చూసే ఏర్పాటు వేరు.

వీధిలో కనిపించే హింస గురించే ఇంత మాట్లాడుకుంటున్నాం. తలుపుల వెనకాల జరిగేది దానికన్నా పెద్దది. 2022లో దేశంలో మహిళలపై నేరాల కింద 4,45,256 కేసులు నమోదైతే, అందులో 31.4 శాతం భర్త, అత్తింటివారి క్రూరత్వం కిందివే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చవిచూసినవారే. చీకటి పడేలోగా ఇంటికి వచ్చేయమని ఆడపిల్లకు చెబుతాం. ఆ ఇంట్లోనే దెబ్బలు తినే తల్లికి ఎక్కడికి పొమ్మని చెబుతాం?

తాగుడును వదిలేసి ఈ సంగతి మాట్లాడలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్లు అడిగింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. మొగుడు కూలిడబ్బుతో ఇంటికి రావాలి, వచ్చి కొట్టకూడదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2024 అక్టోబరు 16 నుంచి, రాష్ట్రంలో 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. క్వార్టర్ సీసా 99 రూపాయలకే దొరుకుతుందన్నది అప్పట్లో గొప్పగా చెప్పుకొన్న సంగతి. ఖజానాకు ఎంత వచ్చిందో లెక్క ఉంటుంది. ఆ సీసా తర్వాత పోలీస్ స్టేషన్‌కు ఎన్ని తగువులు వచ్చాయో ఎవరైనా లెక్క కట్టి జనం ముందు పెట్టారా?

మద్యం వేళలకూ హత్యలకూ ఉన్న సంబంధాన్ని ఒక దూరదేశపు నగరం గుర్తించింది. కొలంబియా రాజధాని బొగోటాలో 1993లో లక్ష మందికి దాదాపు 80 హత్యలు జరిగేవి. ఆ తర్వాత మేయరైన ఆంటానాస్ మొకుస్ రాత్రి ఒంటి గంటకే బార్లు మూయించారు, ఆయుధాలు అప్పగించేలా జనాన్ని ఒప్పించారు. తర్వాతి మేయర్లూ ఆ దారి వదల్లేదు, చెడిపోయిన వీధుల్ని, పార్కుల్ని మళ్లీ జనానికి అప్పగించారు. పదేళ్లకు హత్యల రేటు మూడో వంతుకు పడిపోయింది. ఒక్క తుపాకీతో వచ్చిన ఫలితం కాదది.

ఇక గంజాయి. ఒడిశా సరిహద్దు, హౌరా–చెన్నై రైలుమార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి మూడూ కలిసేచోట పలాస, ఇచ్ఛాపురం ఉన్నాయి. ఆ రెండు స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద సంచులు పట్టుబడటం మామూలు వార్తయిపోయింది. ప్రభుత్వం 2024 నవంబరులో 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం పెట్టి, సమాచారమివ్వడానికి 1972 నంబరు ఇచ్చింది. మంచి పనే. కానీ పట్టుబడేది చాలాసార్లు సంచి మోసే కుర్రాడే. సంచి ఎక్కించినవాడు, దించుకునేవాడు కేసులో కనిపించడం తక్కువ. ఈలోగా సరుకు దారి పొడవునా కొంచెం కొంచెం ఒలుకుతూ పోతుంది. కాలేజీ వెనక సందులో దొరికేది అలా ఒలికిందే.

భయం పెరిగినప్పుడు ప్రభుత్వాలు మనకు రెండు మందులు ఇస్తూ వచ్చాయి. ఒకటి కాఠిన్యం. 2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్చారని 2022లో తేల్చింది. నేరం ఎవరు చేశారో కోర్టులో రుజువు కాకుండానే ఆ కథ ముగిసింది. ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు వచ్చేలా 'దిశ' బిల్లును ఆమోదించింది. అది రాష్ట్రపతి ఆమోదం పొందనే లేదు. రెండో మందు యాప్. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. ప్రభుత్వం మారితే పేరు మారింది. ఆపదలో మీట నొక్కిన పిల్ల దగ్గరకు ఎన్ని నిమిషాల్లో జీపు వచ్చింది అన్న ప్రశ్న రెండు ప్రభుత్వాలకూ ఒక్కటే.

శిక్ష ఎంత కఠినం అన్నదాని కన్నా ఎంత ఖాయం అన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే రాశాడు. తర్వాత వచ్చిన అధ్యయనాలు ఆ మాటను బలపరిచాయే గానీ కొట్టేయలేదు. మన దగ్గర ఖాయమన్న భాగమే లోటు. దేశంలో లక్ష జనాభాకు 197 మంది పోలీసులు మంజూరైతే ఉన్నది 155 మందేనని 2025 ఇండియా జస్టిస్ రిపోర్ట్ చెబుతోంది. పది లక్షల మందికి యాభై మంది జడ్జీలు కావాలని లా కమిషన్ 1987లో అంటే, నేటికి ఉన్నది పదిహేను మంది. ఉన్న కానిస్టేబులు ఉదయం మంత్రి బందోబస్తులో, మధ్యాహ్నం కోర్టు వాయిదాలో, రాత్రి హైవే మీద లారీ ప్రమాదం దగ్గర ఉంటాడు. వీధి చివర టీకొట్టు దగ్గర రోజూ కనిపించి, ఎవరు ఎవరితో గొడవపడుతున్నారో ముందే తెలుసుకునే బీటు కానిస్టేబులు కనుమరుగయ్యాడు. తగువు చిన్నగా ఉన్నప్పుడే పిలిచి కూర్చోబెట్టే మనిషి లేకపోతే, పెద్దయ్యాక వచ్చేది పంచనామాయే.

పట్నాలు పెరిగిన వేగంతో ఏర్పాట్లు పెరగలేదనడానికి మరీ బాధాకరమైన రుజువు పలాస పక్కనే దొరికింది. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాటకు తొమ్మిది మంది బలయ్యారు. ఎక్కువమంది ఆడవాళ్లే. అది ఒకరు ఒకరి మీద చేసిన దాడి కాదు. నిర్వాహకులు ముందుగా చెప్పలేదని అధికారులు అన్నారు. చెప్పకపోవడం తప్పే. కానీ ప్రతి శనివారం, ప్రతి ఏకాదశికి ఆ గుడి ముందు పెరుగుతున్న జనం ఊరందరి కంటా పడుతున్నప్పుడు, పోలీసుల కంటా మున్సిపాలిటీ కంటా పడకపోవడం ఎలా?

ఇప్పుడు ఇదే తీరాన మూలపేట రేవు వస్తోంది. భావనపాడు పేరుతో మొదలైన ఆలోచనకు సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం 4,362 కోట్ల రూపాయలు. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏటా రెండు కోట్ల టన్నులకు పైగా సరుకు. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లు ఖాళీ అయ్యి, నౌపడ దగ్గర కొత్త కాలనీకి మారాల్సి వచ్చింది. రేవు పనిచేయడం మొదలైతే లారీలు, డ్రైవర్లు, కాంట్రాక్టు కూలీలు, లాడ్జీలు, దాబాలు, వడ్డీ వ్యాపారులు అందరూ వస్తారు. భూమి ధర పెరిగితే భూమి తగువులూ పెరుగుతాయి. కొమ్మాదిలో రమణయ్య ప్రాణం తీసిన రకం తగువులు సంతబొమ్మాళి తహసీల్దార్ కార్యాలయం ముందుకూ వస్తాయి.

ఈ మాట అనగానే 'బయటివాళ్ల వల్లే' అనే గొంతు ఒకటి లేస్తుంది. దాన్ని మొదట్లోనే ఆపాలి. ఉద్దానం మనిషి వేరావల్‌లో పడవెక్కుతున్నాడు, చెన్నైలో తాపీ పట్టుకుంటున్నాడు, హైదరాబాదులో వాచ్‌మన్‌గా నిలబడుతున్నాడు. అక్కడ ఏ నేరం జరిగినా ముందు అతని గది తలుపే కొడతారు. ఆ అవమానం ఏమిటో ఎరిగున్న ఊళ్లు రేపు మూలపేటకు వచ్చే బీహారు, ఒడిశా కూలీల మీద అదే అనుమానం పెట్టుకోకూడదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చి, 2025 నవంబరు దాకా అమల్లో ఉంది. కాంట్రాక్టరు ప్రతి కూలీ పేరు నమోదు చేసి, గది, జీతం, వైద్యం సరిగ్గా చూడాలన్నదే దాని సారంగా ఉండేది. లెక్కలో ఉన్న కూలీకి అన్యాయం జరిగినా, అతను అన్యాయం చేసినా తెలుస్తుంది. లెక్కలో లేని మనిషిని దోచుకోవడమూ సులువే, నింద వేయడమూ సులువే.

అందుకే రేవు కన్నా ముందు రావాల్సినవి కొన్ని ఉన్నాయి. నౌపడ జంక్షన్ నుంచి రేవు దాకా వీధి దీపాలు కావాలి. ఇది చిన్న కోరిక కాదు. న్యూయార్క్‌లో పేదల కాలనీల్లో 2016లో అదనపు దీపాలు పెట్టి చూస్తే, రాత్రిపూట ఆరుబయట జరిగే పెద్ద నేరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లకు టెక్కలి, పలాస దాకా ఆర్టీసీ బస్సు కావాలి. సంతబొమ్మాళి, నౌపడ స్టేషన్లలో సిబ్బంది ఖాళీలు నింపాలి, బీటు మళ్లీ మొదలుపెట్టాలి. రైల్వే పోలీసులు, ఒడిశా పోలీసులు, ఈగల్ విభాగం కలిసి గంజాయి కేసుల్లో సంచి యజమాని దాకా వెళ్లాలి. టెక్కలి, పలాస కోర్టుల్లో ఎన్నేళ్లుగా ఎన్ని దాడి కేసులు నడుస్తున్నాయో ఏటా బయటపెట్టాలి. ఊరి నడిబొడ్డున మద్యం కొట్టు ఉండాలా, ఎన్ని గంటలకు మూయాలి అన్నది ఆ ఊరి ఆడవాళ్లను అడిగి తేల్చాలి.

చదువరులకు ఒక సంగతి తెలిసి ఉండాలి. పోలీస్ స్టేషన్‌లో 'అది మా పరిధి కాదు' అని వెనక్కి పంపడానికి చట్టం ఒప్పుకోదు. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరమని కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఎక్కడ నేరం జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోవచ్చు. 'మనకెందుకులే' అని ఊరుకున్న ప్రతి చిన్న దెబ్బా లెక్కలో లేకుండా పోతుంది. లెక్కలో లేని ఊరికి అదనపు కానిస్టేబులు రాడు, దీపమూ రాదు.

మూలపేటలో బెర్తుల లోతు, గోడల ఎత్తు, టన్నుల లెక్క అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ పక్క ఊళ్ల మనుషుల భద్రతకు అలాంటి కాగితం ఒకటి తయారుచేయాల్సింది జిల్లా కలెక్టరు, ఎస్పీ, మారిటైమ్ బోర్డు. దాన్ని గ్రామసభల ముందు పెట్టి, తొలి ఓడ వచ్చేలోగా అమలు చేయాలి. సోంపేటలో, కాకరాపల్లిలో జనాన్ని అడగకుండా ముందుకెళ్లి ప్రాణాలు పోగొట్టిన ప్రభుత్వ యంత్రాంగం, ఈసారైనా మొదట అడగాలి.